మోకాలి మీద తువ్వాలు

పేకాటలో తప్ప మా అన్న నాతో ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. ఈ మాట విని ఆయన మీద గౌరవం పెంచుకోకండి. నాకు చేసిన ద్రోహం మొత్తం ఆయన నిజాలు చెప్పే చేశాడు. అందుకే ఇన్నేళ్లుగా ఎవరి దగ్గరా పెద్దగా నోరు విప్పలేదు. విప్పితే, మీ అన్న చెప్పింది నిజమే కదా, ఇంక నీ ఏడుపేమిటి అంటారు. ఒకరిద్దరు అన్నారు కూడా.

చిత్తూరు బస్టాండు దగ్గర మాకొక కాఫీ హోటలు ఉండేది. నాయన పెట్టిన హోటలు. తిరుపతిలో ఇత్తడి సామాన్ల కొట్టు ఇంకొకటి ఉండేది, అది తాత కాలంనాటిది. కొట్టును ఒక గుమాస్తా చూసుకునేవాడు, నాయన అప్పుడప్పుడు పోయి వచ్చేవాడు. హోటలు మాత్రం మా అన్నదమ్ముల మీద నడిచేది. అన్న గల్లాపెట్టె దగ్గర, నేను లోపల పొయ్యిల దగ్గర. పదో తరగతి తప్పి నేను అక్కడ చేరినప్పుడు నాయన, "నాలుగు దినాలు సూస్తాం" అన్నాడు. ఆ నాలుగు దినాలు పదేళ్లు దాటిపోయాయి.

ఆ హోటలంటే నాకు ప్రాణం. పాలు పలమనేరు నుంచి మొదటి బస్సులో క్యాన్లలో వచ్చేవి. మూత తీసి వాసన చూస్తే చాలు, నీళ్లు ఏ మాత్రం కలిశాయో చెప్పేవాణ్ణి. డికాషన్ ఒకసారి దించాక ఆ పొడి మీదే మళ్లీ నీళ్లు పోసి దించే హోటళ్లు ఊర్లో చాలా ఉండేవి. మా దగ్గర ఆ పని చేస్తే వంట మాస్టరునైనా సరే కేకలేసేవాణ్ణి. కోర్టు గుమాస్తాలు మా కాఫీ కోసం దారిలో ఉన్న హోటళ్లన్నీ దాటుకుని వచ్చేవాళ్లు. బెల్లం మండీకి బండ్లు తోలుకొచ్చిన రైతులు ముందు మా దగ్గర తాగి, తర్వాతే మండీలోకి పోయేవాళ్లు. మా ఆవిడది శ్రీకాళహస్తి. పెళ్లయి ఇంట్లో అడుగుపెట్టిన కొత్తలోనే, "మీ మీద సబ్బు వాసన కంటే కాఫీ వాసనే ఎక్కువగా ఉండాదే" అంది. నేను దాన్ని పొగడ్త కిందే తీసుకున్నాను.

మధ్యాహ్నం భోజనాలు ముగిసి, సాయంకాలం బజ్జీలకు నూనె పెట్టేలోపల హోటలుకు కొంచెం ఊపిరాడేది. ఆ వేళలో మిద్దె మీద ఉల్లిగడ్డల మూటలు వేసిన గదిలో పేక పడేది. ఆట మూడు ముక్కలాట. మనిషికి మూడు ముక్కలు పంచుతారు, మార్చుకోవడాలు గట్రా లేవు. ముక్కలు చూసుకుని పందెం కట్టొచ్చు, చూడకుండానూ కట్టొచ్చు. నచ్చకపోతే పడేసి తప్పుకోవచ్చు. చివరికి మిగిలిన ఇద్దరిలో ఒకడు షో అడిగేదాకా ఎవరి చేతిలో ఏముందో ఎవరికీ తెలియదు. ఎదుటివాడు భయపడి పడేస్తే మన చేతిలో ఏమున్నా గెలిచినట్టే. అందుకని ఈ ఆటలో సగం పని మొహంతోనే.

నాకు ఆట నేర్పింది అన్నే. ఆ విద్యలో ఆయన ఏమీ దాచుకోలేదు, అప్పట్లో నేనట్లాగే అనుకున్నాను.

"ముక్కలు ఒకసారి సూసుకుంటే సాలు రా. మళ్లీ మళ్లీ తెరిచి సూసుకునేవాడు ఎదుటోనికి తన భయమే సూపిస్తాండాడు" అనేవాడు. "ఉత్త చేత్తో పందెం పెంచాలంటే మొదటి నుంచీ గెలిచేవాని మాదిరే ఆడుకుంటా రావాల. నడమలో ఉన్నట్టుండి పెంచితే ఎవుడైనా పసిగడతాడు. బాగా పడినప్పుడు మాత్రం తొందరపడొద్దు. ఎదుటోణ్ణి రానియ్యి. వాడు బెదిరి పారిపోతే ఆ మూడు రాజుల్ని ఏం సేసుకుంటావు, సాంబారులో ఏస్తావా?"

దాదాపు రోజూ కూర్చునేది మేమిద్దరం, పలమనేరు బస్సు కండక్టరు. మాకు పాల క్యాన్లు తెచ్చేది ఆయన బస్సే. మధ్యాహ్నం ట్రిప్పుకు బస్సు చిత్తూర్లో చాలాసేపు ఆగేది. డ్రైవరు సీట్లోనే కునుకు తీస్తుంటే ఈయన మా మిద్దె ఎక్కేవాడు. మండీ మనుషులు ఒకరిద్దరు ఎప్పుడైనా చేరేవాళ్లు. పందేలు పావలాలు, అర్ధ రూపాయలు. అంతకు మించి ఆడినట్టు తెలిస్తే నాయన పేకతో పాటు మమ్మల్ని కూడా పొయ్యిలో పెట్టేవాడు.

హోటల్లో చేరిన కొన్నేళ్లకు, ఒక వాన మధ్యాహ్నం, నేనొక సంగతి కనిపెట్టాను. అన్న భుజం మీద ఎప్పుడూ ఒక గళ్ల తువ్వాలు ఉండేది. ఆ రోజు ఆయన ముక్కలు చూసుకుని, "నాకేం పడతాయప్పా, అంతా తుక్కే" అని గొణిగి, తువ్వాలు తీసి మెల్లగా మోకాలి మీద పరుచుకున్నాడు. షో అడిగితే మూడు రాజులు దించాడు. అప్పటి నుంచి నా ముక్కల కంటే ఆ తువ్వాలునే ఎక్కువ చూడటం మొదలుపెట్టాను. బాగా పడితే నోటితో తుక్కు అనేవాడు, తువ్వాలు మోకాలి మీదికి దిగేది. ఉత్త చేత్తో పందెం పెంచుతుంటే, నోటితో ఎంత గొప్పలు పోయినా తువ్వాలు భుజం దిగేది కాదు. ఒక్కసారి కూడా తప్పలేదు.

ఇక నా ఆట తీరే మారిపోయింది. తువ్వాలు దిగిందంటే నా చేతిలో జత ఉన్నా, వరస ఉన్నా పడేసి హాయిగా కూర్చునేవాణ్ణి. దిగలేదంటే అన్న ఎంత పెంచినా నేనూ పెంచుతూ పోయేవాణ్ణి. కండక్టరు నోరు తెరుచుకుని చూసేవాడు. "ఈనికి యాడిదో సుడి ఉండాదప్పా" అని అన్న నవ్వుతూ ముక్కలు పడేసేవాడు. ఎదుటివాణ్ణి గమనించమని నేర్పిందే ఆయన, నేర్చుకున్నందుకు నేనెందుకు సిగ్గుపడాలి? అప్పుడూ పడలేదు, ఇప్పుడూ పడను. అదీగాక, అన్న మనసులో ఏముందో ఆయన చెప్పకుండానే తెలిసిన మనిషి లోకంలో నేనొక్కణ్ణే అనుకుంటే నాకు చాలా సంతోషంగా ఉండేది. వదినకు కూడా అంత తెలియదు అనుకునేవాణ్ణి. దాన్ని ప్రేమ అనే అంటారు, ఇంకేమంటారు?

నా పెళ్లయ్యాక ఇద్దరు కోడళ్లకు వంటింట్లో పొసగలేదు. రోజూ ఏదో ఒక గిన్నె గట్టిగా మోగేది. నాయన విసిగిపోయి, తను గట్టిగా ఉన్నప్పుడే భాగాలు తెంచేస్తానన్నాడు. మా వైపు దీనికొక పద్ధతి ఉంది. ఇద్దరు అన్నదమ్ములుంటే పెద్దవాడు భాగాలు వేస్తాడు, చిన్నవాడు ముందు కోరుకుంటాడు. పెద్దవాడు ఒక భాగాన్ని బరువుగా వేశాడంటే చిన్నవాడు దాన్నే ఎత్తుకుపోతాడు కనుక, వేసేవాడు ఒళ్లు దగ్గర పెట్టుకుని సమంగా వేస్తాడు. ఎవరు కనిపెట్టారో గాని తెలివైన పద్ధతే. దాన్ని కూడా దాటిపోయేవాడు మా ఇంట్లో పుడతాడని వాళ్లు అనుకుని ఉండరు.

భాగాలు ఎట్లా ఉంటాయో ఇంట్లో అందరికీ ముందే తెలుసు. ఒకవైపు హోటలు, ఒకవైపు తిరుపతి కొట్టు. హోటల్లో రాబడి ఎక్కువ, కాని కట్టడం అద్దెది. కొట్టులో రాబడి తక్కువ, కట్టడం సొంతం. అట్లా రెండూ సరిపోతాయని నాయన లెక్క. ఆ రోజు పొద్దున తల దువ్వుకుంటూ మా ఆవిడతో, "హోటలే అడుగుతా" అన్నాను. "ఇంకేం అడుగుతారు? అది లేకుంటే మీరు బతుకుతారా?" అంది ఆమె. నాకు కావలసింది ఏదో నాకంత స్పష్టంగా తెలుసు.

ఒక్క సంగతి మాత్రం మనసులో నలుగుతూ ఉండేది. బస్టాండు రోడ్డు వెడల్పు చేస్తారని, మా వరసలో కట్టడాలన్నీ కొట్టేస్తారని ఊర్లో ఒక మాట తిరుగుతోంది. కాఫీ తాగడానికి వచ్చినవాళ్లలో రోజుకొకరైనా ఆ మాట ఎత్తేవాళ్లు. అయితే అట్లాంటి మాటలు బస్టాండులో ఎప్పుడూ ఏవో ఒకటి తిరుగుతూనే ఉంటాయి.

నడవలో చాప పరిచి కూర్చున్నాం. నాయన, మా మేనమామ, వీధిలో ఒక పెద్దమనిషి, మేమిద్దరం. అన్న గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

"ఒక భాగం హోటలు. నా మాట వింటే చిన్నోడు హోటలే తీసుకోవాల. ఇన్నేండ్లూ పొయ్యి దగ్గర కాలింది వాడు. ఆ కాఫీ వాని చేతి కాఫీ. రోడ్డు కొట్టేస్తారనేది ఉత్త మాట, నేను మునిసిపల్ ఆపీసులో అడిగొచ్చినాను." తువ్వాలు భుజం మీదే ఉంది.

"రెండో భాగం తిరుపతి కొట్టు. దాంట్లో ఏముండాదిలే, అంతా తుక్కు. జనం ఇత్తడి మానుకోని ఎవర్‌సిల్వర్ స్టీలు గిన్నెలు కొంటాండారు." అంటూ అన్న తువ్వాలు తీసి మెల్లగా మోకాలి మీద పరుచుకున్నాడు.

నోటితో తుక్కు అంటున్నాడు, తువ్వాలు దించాడు. అంటే మూడు రాజులూ కొట్టులో ఉన్నాయి. హోటలును అంత పొగిడినా తువ్వాలు దించలేదు. అంటే అది ఉత్త చేయి. రోడ్డు కొట్టేసే మాట నిజమే అయ్యుంటుంది, ఆఫీసులో తెలుసుకునే వచ్చి ఉంటాడు. ఇంకొన్నాళ్లలో నేలమట్టమయ్యే హోటల్లోకి నన్ను తోసి, కొట్టు తాను దక్కించుకుందామని చూస్తున్నాడు. పైగా అందరి ముందూ తమ్ముడి మీద ఎంత ప్రేమ ఒలకబోస్తున్నాడో! నాకు ఒళ్లు మండింది. ఇంత మోసమా, సొంత తమ్ముణ్ణా, అనుకున్నాను. నాకు తెలియదనుకున్నావా అని లోలోపల నవ్వుకున్నాను కూడా.

"సెప్పురా" అన్నాడు నాయన.

"తిరుపతి కొట్టు" అన్నాను.

"హోటలంటే పడి సస్తావు గదరా, ఏమొచ్చింది నీకు?" అన్నాడు మేనమామ. "బాగా ఆలోచించుకునే అంటాండావా?" అని నాయన రెండుసార్లు అడిగాడు. వంటింటి గడపలో మా ఆవిడ చేతిలో చెంబుతో అట్లాగే నిలబడిపోయింది. నేను ఆమె వైపు చూడలేదు. ఆలోచించుకునే అంటున్నానని నాయనకు గట్టిగా చెప్పాను.

అన్న తువ్వాలు తీసి మళ్లీ భుజం మీద వేసుకున్నాడు. "అడగాల్సింది వాడు, అడిగినాడు. ఇంక బలవంతం ఎందుకు?" అన్నాడు.

మేము తిరుపతి వచ్చేశాం. రోడ్డు వెడల్పు కాలేదు. అట్లాంటి ఆలోచనే ఎవరికీ లేదని తర్వాత తెలిసింది. హోటలు పక్క కట్టడంలోకి కూడా పెరిగిందని, పైన నాలుగు గదులు తీసుకుని లాడ్జింగు పెట్టారని వచ్చినవాళ్లు చెప్పేవాళ్లు. ఇక్కడ కొండకు వచ్చిన యాత్రికులు కొట్టు ముందు ఆగి, ఇత్తడి బిందెలను వేలితో తట్టి చూసి, "ఎవర్‌సిల్వర్‌లో లేవా?" అని అడిగి పోయేవాళ్లు. దీపపు కుందులు, చిన్న గంటలు తప్ప ఏవీ కదిలేవి కావు. చివరికి నేనూ ఎవర్‌సిల్వర్ తెచ్చి పెట్టాను. తిండికి లోటు రాలేదు. కాని గిన్నెల మధ్య కూర్చునే పనిలో నాకు ఏ సంతోషమూ దొరకలేదు. మధ్యాహ్నం ఎదురు హోటలు నుంచి కాఫీ తెప్పించుకుంటే, అది ఎట్లా కాచారో ఎక్కడ తప్పు చేశారో నాలుకకు తెలిసిపోయేది. పోయి చెప్పడానికి అది నా హోటలు కాదు.

"మీ అన్న నెత్తీ నోరూ కొట్టుకోని సెప్పినాడు గదా, హోటలు తీసుకోమని" అనేది మా ఆవిడ. తువ్వాలు సంగతి ఆమెకు చెప్పలేదు. చెబితే నవ్వుతుందని భయం. ఇన్నేళ్లలో ఆ ఒక్కసారే తువ్వాలు తప్పింది, నా ఖర్మ అనుకున్నాను. అన్న అమాయకంగా నిజం చెప్పాడు, నేనే అనుమానించాను అనుకుని, ఆయన్ను తలుచుకున్నప్పుడల్లా తల దించుకునేవాణ్ణి. పండగలకు పోతే ఆయన ముందు ఒక మెట్టు తగ్గే మాట్లాడేవాణ్ణి.

అట్లా కొన్నేళ్లు గడిచాక ఒక రోజు పలమనేరు బస్సు కండక్టరు మా కొట్టుకు వచ్చాడు. గుండు చేయించుకుని, తలంతా గంధం పూసుకుని, భార్యా పిల్లలతో కొండ దిగి వచ్చాడు. గుండుతో ముందు గుర్తుపట్టలేదు. భార్య కుందులు ఏరుకుంటుంటే మేము పాత ముచ్చట్లలో పడ్డాం. మిద్దె మీది ఆటలు, ఉల్లిగడ్డల వాసన, ఆయన్ను వెతుక్కుంటూ డ్రైవరు హారన్ కొట్టడం. నేను అంతగా ఎట్లా గెలిచేవాణ్ణో ఇప్పటికైనా చెప్పమని అడిగాడు. ఇంకా దాచడమెందుకని తువ్వాలు సంగతి చెప్పాను.

ఆయన నా మొహంలోకి వింతగా చూశాడు.

"తువ్వాలా? నువ్వు లేని దినాల్లో మీ అన్న మాతో ఆడేటప్పుడు తువ్వాలు యాడ ఉంటాదప్పా? కింద గల్లాపెట్టె మీద పడేసి వచ్చేవాడు. నువ్వు కూచుంటాండావని తెలిస్తేనే, ఉండబ్బా అని కిందికి పోయి ఏసుకోని వచ్చేవాడు. నీకు జొరమొచ్చి పడుకున్న నెలంతా నేను ఆయన భుజం మీద గుడ్డే సూడలేదు."

ఆయన మామూలుగానే చెప్పాడు. కుందులు కట్టించుకుని వెళ్లిపోయాడు. నేను కొట్టు మూసేసి ఇంటికి పోయాను. అన్నం వద్దన్నాను.

ఆ తువ్వాలు నా కోసం వేసుకున్న తువ్వాలు. నా ఒక్కడి కోసం. నేను కనిపెట్టానని ఆయన కనిపెట్టి, ఆ కన్నాన్ని మూయకుండా, నేను చూసుకోవడానికి వీలుగా తెరిచే ఉంచాడు. ఏళ్ల తరబడి పావలాలు పోగొట్టుకుంటూ నా నమ్మకాన్ని పెంచాడు. భాగాల రోజు వస్తుందని అప్పుడే అనుకున్నాడని నేను అనను. ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుందని ఉంచుకున్నాడు, పనికొచ్చిన రోజు వాడుకున్నాడు. హోటలు పోయిందని అప్పటికే ఏడ్చేశాను. ఆ రాత్రి నన్ను కాల్చింది వేరు. నేను గెలిచిన ఆటలన్నీ ఆయన విదిలించినవే. అన్న మనసు నాకొక్కడికే తెలుసని పొంగిపోయిన ఆ మధ్యాహ్నాలన్నింట్లో, నా మనసే ఆయన చేతిలో ఉంది. పైగా ఇన్నేళ్లూ ఆయన ముందు నేను తల దించుకుని తిరిగాను.

మరుసటి రోజే చిత్తూరు పోయాను. మధ్యాహ్నం, జనం పలచబడిన వేళ. అన్న గల్లా వదిలి వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

"తువ్వాలు సంగతి కండక్టరు సెప్పినాడు" అన్నాను.

ఆయన ఉలిక్కిపడలేదు. "సెప్పినాడా" అన్నాడు.

"నేను సూస్తాండానని నీకు ఎప్పుడు తెలిసింది?"

"మొదట్లోనే. నీ ముక్కలు సూసుకోకుండా నా భుజమే సూస్తా కూచుంటే తెలీదా?"

"తెలిస్తే నాతో అనొచ్చు గదా."

"నువ్వు నాతో అన్నావా?"

"పావలాల ఆట, హోటలు రెండూ ఒకటేనా అన్నా? నీకు హోటలు కావాలనుంటే నన్ను అడగొచ్చు."

"అడిగితే ఇచ్చేవానివా?"

ఇచ్చేవాణ్ణి కాదు. అది ఇద్దరికీ తెలుసు. అన్న కొంచెం ముందుకు వంగాడు. గొంతు పెంచలేదు.

"నీతో ఒక్క మాటైనా అబద్ధం సెప్పినానా రా? హోటలు తీసుకోమంటి. రోడ్డు కొట్టరంటి. ఇత్తడికి గిరాకీ లేదంటి. నాయన ముందర, మామ ముందర నోటితో అన్నీ నిజాలే సెప్తి. అన్న నోటిని నమ్మకుండా అన్న గుడ్డను నమ్మితివి. దానికి నేనేం సేసేది?"

దానికి ఎదురు మాట నాకు తర్వాత తిరుపతి బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక దొరికింది. ఆ గుడ్డను నమ్మింది అది అన్నది కాబట్టే. బయటివాడిదైతే ఒకటికి రెండుసార్లు ఆలోచించి, చివరికి నాకిష్టమైన హోటలే అడిగి ఉండేవాణ్ణి. ఆ మాట అక్కడ, ఆయన మొహం మీద అనలేకపోయాను.

మేమట్లా కూర్చుని ఉండగా సప్లయరు వచ్చాడు. కొత్త మనిషి, నా వయసువాడే. నా ముందు బల్ల తుడిచి, "ఏం గావాల సార్?" అన్నాడు. నేను పెరిగిన హోటల్లో నన్ను ఆ మాట అడిగినవాడు అతనే మొదటివాడు.

"కాఫీ తేప్పా. మా తమ్ముడు" అన్నాడు అన్న నవ్వుతూ. "ఈ హోటలు నువ్వే తీసుకోరా అంటే, నాకొద్దని పోయినాడు."

సప్లయరు కాఫీ తెచ్చి నా ముందు పెట్టాడు. కాని కదల్లేదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టు, మర్యాదగా అడిగాడు.

"ఇంత మంచి హోటలు, ఎందుకు వద్దన్నారు సార్?"

అన్న కూడా నా వైపే చూస్తూ కూర్చున్నాడు.